అతుకుల చదువు

"అతుకుల సదువు!" అన్నాడు మా ఆయన.

ఆ మాట వినపడేసరికి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగుల కొసలున్నాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. జారకుండా వేళ్లు బూడిదలో అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలితిప్పి వదిలి, అప్పుడు తలెత్తాను. పోగు చేతిలో ఉండగా తల ఎత్తకూడదని పెళ్లైన మూడో నెలలో మా అత్త భీమమ్మ నేర్పింది. ఇల్లంటుకున్నా సరే, చేతిలో అతుకు ముగించి అప్పుడు పరుగెత్తమంది. ఇరవైమూడేళ్లుగా అలాగే చేస్తున్నాను.

ఆ శనివారం పొద్దున మా ఇల్లు అంటుకున్నట్టే ఉంది. మా ఆయన వీరేష్ గడపలో నిలబడి ఉన్నాడు. ఆదోని నుంచి బండి మీద వచ్చిన మా బావ, ఆయన అన్న దేవేంద్రప్ప మంచం మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకుంటున్నాడు. మా అత్త మూల చాప మీద ఉంది. మా అమ్మాయి మహాదేవి గోడకి ఆనుకుని నిలబడింది. మొన్న గురువారం బెంగళూరు నుంచి తెచ్చిన సంచి ఇంకా విప్పలేదు. అది చూసి పిల్ల మళ్లీ వెళ్లిపోతుందని నాకు ఆ రోజే అర్థమైంది, మా ఆయనకి కాలేదు. ఇంట్లో సంచులు సర్దేదీ విప్పేదీ నేనే కాబట్టి ఆయనకి సంచులు చెప్పే సంగతులు తెలియవు.

గొడవకి మూలం ఒక ఫ్లెక్సీ. నాలుగు రోజుల కింద మా బావ మా వీధి మొదట్లో దాన్ని కట్టించాడు. అందులో మహాదేవి నల్లకోటు వేసుకుని, నెత్తిన చదరపు టోపీ పెట్టుకుని నవ్వుతోంది. కోటు ఎవరిదో, తల మా పిల్లది. ఫ్లెక్సీ వాడు మెడ దగ్గర అతికిన గీత స్పష్టంగా కనపడుతోంది. నాకు ముందు కనపడింది అదే, చేసే పని అలాంటిది మరి. కింద "మన వీధి ముద్దుబిడ్డ, పట్టభద్రురాలు కుమారి మహాదేవికి శుభాకాంక్షలు" అని పెద్ద అక్షరాలు, దాని పక్కన మహాదేవి తల కన్నా పెద్దదిగా మా బావ తల. మంచివాడే. పిల్ల ఆదోనిలో ఇంటర్ చదివిన రెండేళ్లూ తన ఇంట్లో పెట్టుకుని సొంత కూతురిలా చూసుకున్నాడు. మంచివాళ్లతోనే చిక్కు. చెడ్డవాళ్లకి ఎదురు చెప్పడం ఎంతో సులువు.

ఆ మంచితనంతోనే తను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో పిల్లకి కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఒకటి మాట్లాడి వచ్చాడు.

"సోమవారం సేరిపోవచ్చు పాపా. డిగ్రీ సర్టిఫికెట్ తీసుకరా, సాలు" అన్నాడు, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

"సర్టిఫికెట్ ఇంగా లేదు పెద్నాయినా" అంది మహాదేవి.

"లేకుంటే పోనీలే. ఎప్పుడిస్తారంట?"

"రెండేండ్లైనంక."

మా బావ నవ్వాడు, పిల్ల తమాషా చేస్తోందనుకుని. అది నవ్వలేదు. నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. మూడేళ్లు బెంగళూరు కాలేజీలో చదివింది. ఇప్పుడు రెండేళ్లు అక్కడే ఇంజనీరింగ్ కాలేజీలో చదవాలి. అప్పుడు రెండు కాలేజీలూ చెరో డిగ్రీ ఇస్తాయి, ఒకటి బీఏ, ఒకటి మెకానికల్ ఇంజనీరింగ్. సోమవారం పొద్దున వెళ్లి అక్కడ చేరాలి.

"ఇప్పుడు ఆపేస్తే?" అన్నాడు మా ఆయన.

"ఆపేస్తే రెండిట్లో ఏదీ రాదు నాయినా."

అప్పుడు అన్నాడాయన ఆ మాట. "ఈడ కొంచెం, ఆడ కొంచెం. అతుకుల సదువు! తెగేదే ఎప్పుడన్నా."

మగ్గం చూడనివాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి అతుకంటే ఏమిటో చెప్తాను. మాది ఎమ్మిగనూరు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే గుంట మగ్గం ఉన్న ఇల్లు. మగ్గం మీద నిలువు పోగుల్ని పడుగంటాం. ఆ పోగులన్నీ అచ్చు అనే దువ్వెన లాంటి చట్రం పళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటిగా రావాలి. ఒక పడుగు నేత అయిపోయినప్పుడు దాని కొసల్ని అచ్చులోనే వదిలేస్తాం. కొత్త పడుగు తనంతట తాను ఆ సందుల్లో దూరలేదు. పాత పోగు కొసకి కొత్త పోగు కొసని అతికి, పాతదాన్ని మెల్లగా ముందుకి లాగితే దాని వెంట కొత్తది వస్తుంది. చీరకి మూడు వేల పోగులు, మూడు వేల అతుకులు. రెండు రోజులు మెడ వంచి కూర్చోవాలి. ఒక్క పోగు పక్కదానితో మారిందంటే తర్వాత నేసిందంతా తప్పు.

ఇది ఆడవాళ్ల పని. ఎందుకని పెళ్లైన కొత్తలో మా ఆయన్ని అడిగాను. "మీ వేళ్లు సన్నగుంటాయి గదా" అన్నాడు. నా వేళ్లు సన్నగా ఉండవు. మా అమ్మ వాటిని రోకళ్లు అనేది. ఆయన వేళ్లే సన్నం, వేణువు పట్టుకునేవాడిలా ఉంటాయి. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

రెండేళ్ల కింద చేనేతవాళ్ల లెక్కలు రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. ఈ గదిలోనే, ఈ మంచం మీదే కూర్చున్నాడు. ఇంట్లో మగ్గం పని ఎంతమంది చేస్తారని అడిగాడు. "నేనొగన్నే సార్" అన్నాడు మా ఆయన. "ఈమె?" అన్నాడు, నన్ను చూపించి. "ఆమె ఊరికే ఇంట్లోనే ఉంటాది సార్." అప్పుడు నేను ఆయనకి రెండు బారల దూరంలో, పదకొండువందో పోగు దగ్గర ఉన్నాను. ఆయన రాసుకుని, ఎండ ఎక్కువగా ఉందమ్మా కొంచెం మజ్జిగ ఉంటే ఇప్పించమన్నాడు. ఊరికే ఉన్నదాన్ని కదా, లేచి వెళ్లి ఇచ్చాను.

మా ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు కూడా, ఆయనకి నిజంగానే కనపడలేదు. కళ్ల ముందు ఇరవైమూడేళ్లు ఉన్నది కనపడకపోవడానికి ఏ కంటి జబ్బు ఉండాలో నాకు తెలియదు. మగ్గం కార్డు ఆయన పేరు మీద ఉంది. మంచి నేతగాడని శాలువా కప్పింది ఆయనకే. ఆ శాలువా పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి దాచింది మాత్రం నేనే.

మహాదేవికి ఈ చదువు దొరకడం కూడా ఒక అతుకే. చిన్నప్పటి నుంచి ఇంజనీరవుతానని గంతులేసేది. ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే టైఫాయిడ్ పట్టుకుంది, ప్రవేశ పరీక్ష హాల్లో గంటసేపు బల్ల మీద తలపెట్టి పడుకుని వచ్చేసింది. ర్యాంకు ఎక్కడో పడింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అన్నట్టే ఉన్నారు. అప్పుడు ఆదోనిలో దానికి ఫిజిక్స్ చెప్పిన భీమాబాయి మేడమ్ కబురు పెట్టింది. నేనూ పిల్లా ఆవిడ ఇంటికి వెళ్లాం. మడి కట్టుకుని వంట చేస్తున్న మనిషి పొయ్యి తగ్గించి వచ్చి, మమ్మల్ని ముట్టుకోకుండా దూరంగా కూర్చుని, క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో మూడు గీతలు గీసింది. వాటి పక్కన ఇంకో రెండు.

"ఈ మూడేండ్లు బెంగళూరు కాలేజీలో అన్నీ సదువుతుందమ్మా. లెక్కలు, ఫిజిక్స్, వాటితో పాటు సరిత్ర, సమాజం, భాష. మార్కులు తగ్గకుంటే ఆ కాలేజీవాళ్లే ఇంజనీరింగ్ కాలేజీకి సిఫారసు రాస్తారు. ఈ రెండేండ్లు ఆడ. స్కాలర్‌షిప్పు కూడా ఉంది."

"మూడేండ్లైనంక ఒగ డిగ్రీ సేతికొస్తాది గదా మేడమ్?" అని అడిగాను.

"రాదమ్మా. ఐదూ అయితేనే రెండూ వస్తాయి. నడుమ ఆపితే ఏదీ రాదు. అది బాగా తెలుసుకొని సంతకం పెట్టు."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది గానీ నాకు అక్కర్లేకపోయింది. పాత పోగులు మూడు, కొత్త పోగులు రెండు. ఈ లెక్క నాకు ఎప్పటి నుంచో తెలిసినదే.

ఫారం మా బావే నింపాడు, ఆయన అక్షరాలు బాగుంటాయని. తండ్రి వృత్తి దగ్గర చేనేత అని రాశాడు. తల్లి వృత్తి దగ్గర ఆగకుండా, నా వైపు చూడకుండా, "నిల్" అని రాసి తర్వాతి గడికి వెళ్లాడు. ఆఖర్న సంతకం గడి ఉంది. తండ్రి లేదా తల్లి. ఆ "లేదా" అనే చిన్న మాటని నేను అంతకుముందు ఎప్పుడూ అంత ప్రేమగా చదవలేదు. మా ఆయనకి మూడేళ్లు బీఏ అని చెప్పాను. మూడంటే ఊ అంటాడు, ఐదంటే ఊహూ అంటాడు. కాపురం చేసినదానికి ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా? నేను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం మూడేళ్లు నా దగ్గరే దాచుకున్నాను. అన్నం పెడుతున్నప్పుడూ, కండెలకి నూలు చుడుతున్నప్పుడూ, ఉరుకుంద ఈరన్న గుడిలో కొబ్బరికాయ కొడుతున్నప్పుడూ అదే గుర్తొచ్చేది. భయపడ్డాను. ఆ భయంలోనూ ఒక్కసారైనా ఆ సంతకం పెట్టినందుకు చింతించలేదు.

ఎందుకు చింతించాలి? ఆ పిల్ల మాట్లాడుతుంటే వినాలి మీరు. ఫోన్ చేసి, "అమ్మా, పొద్దున క్లాసులో వంతెన ఎట్ల నిలబడతాదో సెప్పినారు. మధ్యాన్నం క్లాసులో ఆ వంతెన కోసం ఎవురి ఊరు ఖాళీ సేయించినారో సెప్పినారు" అనేది. ఇంకో రోజు లెక్కల గురించి చెప్తూ చెప్తూ మన సీమ కరువుల చరిత్రలోకి పోయేది. నాకు సగం అర్థమయ్యేది కాదు. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా ఫోన్ పెట్టేసేదాన్ని కాదు. పదో తరగతితో ఆగిపోయిన నా చదువు ఎక్కడో మళ్లీ కదులుతున్నట్టుండేది. అసూయ కూడా పడ్డాను, దాచడమెందుకు? కన్నకూతురి మీద అసూయ పడటం కూడా ఒక రకం ప్రేమేనని అప్పుడు తెలిసింది.

రెండో ఏడు సెలవులకి వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చింది. సమాజశాస్త్రం క్లాసుకి ఏదైనా ఒక పని గురించి రాయాలట. వీధిలో పందొమ్మిది ఇళ్లు తిరిగింది. అచ్చు ఎవరు అతుకుతారు, ఎన్ని గంటలు, ఎన్నేళ్ల నుంచి, ఎక్కడ నొప్పి అని అడిగింది. ఆడవాళ్లు మొదట నవ్వారు. "ఇది గూడ ఒగ పనేనా, రాసుకోనీకె?" అన్నారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టి ఆపలేదు. చివరికి మా అత్త దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లు అతికిన మెడ అది, ఇప్పుడు ఎత్తినా సగమే లేస్తుంది. మహాదేవి బడిలో వాడిన కంపాస్ పెట్టె వెతికి, అందులో కోణమానిని తీసి, అవ్వ మెడ పక్కన పెట్టి కోణం కొలిచింది. తర్వాత నేను అతుకుతుండగా నాది కొలిచింది. రెండూ పక్కపక్కన రాసింది.

మా అత్త చేత్తో మెడ తడుముకుంది. తర్వాత అంది, "నా మెడ కొలిసింది నువ్వొగదానివే మే. పెండ్లిలో నగ సేపిచ్చేటప్పుడు గూడ ఎవురూ కొలవలే."

ఆ సెలవుల్లోనే ఒక చెక్క ముక్క, పాత సైకిల్ సీటు స్ప్రింగు కలిపి నాకొక పీట చేసింది. దాని మీద కూర్చుంటే పడుగు కళ్ల ఎత్తుకి వస్తుంది. నాలుగు రోజులకి విరిగిపోయింది. అది విరిగినందుకు పిల్ల ఏడవలేదు, ఎక్కడ విరిగిందో బొమ్మ గీసుకుంది. "ఇది సరిగ్గ సేయాలంటే ఇంజనీరింగ్ కావాలమ్మా" అంది. నేనన్నాను, మరి ఇంజనీరింగే ముందు చదివుంటే సరిపోయేది కదా, ఈ కథలూ చరిత్రలూ ఎందుకని. ఆ పిల్ల స్ప్రింగు చేతిలో తిప్పుకుంటూ చెప్పింది. "ఉత్త ఇంజనీరింగే సదివింటే నేను మగ్గం సూసేదాన్ని. ఇది సదివినందుకు మగ్గం ఎనక కూసున్న నిన్ను సూసినా."

ఆ మాట విని నేను లేచి వెళ్లి దానికి రెండు జొన్నరొట్టెలు ఎక్కువ చేశాను. మా ఇళ్లల్లో ఆడవాళ్ల ఆనందం కూడా ఏదో ఒక చాకిరీగానే బయటికొస్తుంది.

ఇక ఆ శనివారానికి వస్తే, మా ఆయన అతుకుల చదువన్నాక మా బావ కండువా భుజాన వేసుకున్నాడు.

"ఫ్లెక్సీ కట్టించినా గదప్పా" అన్నాడు, ఏడుపు గొంతుతో. "వీధంతా సూసింది. మిల్లులో అందరికీ మిఠాయి పంచినా. నేను నింపిన ఫారం బీఏదే. మూడేండ్లనే సెప్పినారు నాకు."

"సంతకం ఎవురు పెట్టినారు?" అన్నాడు మా ఆయన.

"నాయినా, నేనే..." అని మహాదేవి ముందుకి వచ్చింది. నన్ను దాచడానికి. ఇరవైయొక్కేళ్ల పిల్ల, తన చదువు పోతోందని తెలిసీ నన్ను వెనకేసుకు రావడం చూసి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాన్ని మాట పూర్తి చేయనివ్వలేదు.

"నేను పెట్టినా" అన్నాను. "ఐదేండ్లని తెలిసే పెట్టినా."

మా ఆయన నా వైపు తిరిగాడు. కోపం కాదు ఆ మొహంలో ఉన్నది. దెబ్బ తగిలిన మొహం అది. "నాకెందుకు సెప్పలే?" అన్నాడు. ఆ అడగడం నన్ను నిజంగా బాధపెట్టింది. ఆయన తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

"సెప్పింటే పంపిస్తాంటివా?"

ఆయన నేల చూశాడు. తర్వాత గొంతు గట్టి చేసుకున్నాడు. అన్న ముందు, తల్లి ముందు, మగవాడు గొంతు గట్టి చేసుకోవాల్సిన సమయం అది. "అయిందేదో అయింది. ఇంగ సాలు. ఈడికి ఆపేయ్యల్ల. సదివినకాడికి ఏందో ఒగ కాగితం రాసియ్యమని అడుగుదాం. సోమవారం పెద్నాయిన యెంబడి మిల్లుకి పోనీ. నువ్వు పని సూడు. శ్రావణం వస్తాంది, ఉరుకుంద తిరునాళ్లలోగా ఈ పడుగు నేసి దింపల్ల."

పని చూడు అన్నాడు. ఇరవైమూడేళ్లలో నేను చేసేది పని అని ఆయన అనడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది నాకు.

నేను పని చూశాను. ఎడమ వైపు అంచు నుంచి అతుక్కుంటూ వచ్చాను, దాదాపు సగం దగ్గర ఉన్నాను. చివరిగా ఇంకో పోగు అందుకుని, అతికి, మెలి వేసి వదిలాను. చిప్పలో మిగిలిన బూడిద మీద మూత పెట్టాను. చేతులు కొంగుకి తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"సరే, ఆపేసినా" అన్నాను.

"ఏంది?"

"పద్నాలుగు నూర్ల పోగులు అతికినా. సాలు గదా. దిగు గుంటలోకి. అతికినకాడికి నెయ్యి."

"తిక్క పట్టిందేమే నీకు?" అన్నాడు. మగ్గం మాట వస్తే ఆయన ఇంకేదీ ఆలోచించడు, నేతగాడు. చరచరా పడుగు దగ్గరికి వచ్చి అతకని కొసల్ని వేలితో ఎత్తి చూపించాడు. "సగం అతికి ఆపితే ఎట్ల నేస్తారు? పాత సీర అయిపాయె, కొత్త సీర రాకపాయె. రెండిట్లో ఏదీ..."

అక్కడ ఆగిపోయాడు. ఆ వేలు ఆ పోగుల మీదే ఉండిపోయింది.

మూల నుంచి మా అత్త నవ్వడం వినపడింది. పళ్లు లేని నవ్వు, గాలి ఎక్కువ. మహాదేవి నవ్వలేదు. వాళ్ల నాయనని చూస్తూ ఉంది. దానికి ఆయనంటే ప్రాణం.

"ఇంగొగటి అడుగుతా" అన్నాను. "అతుకుల సదువు తెగేదే అన్నావు. ఇరవైమూడేండ్లలో నా అతుకు ఒగటన్నా తెగిందా? అచ్చులోంచి లాగేది నువ్వే గదా. నీకే తెలుసు. సెప్పు."

పనిలో మా ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పడు. వెలిసిపోయే రంగుని నిలబడే రంగని చెప్పి చీర అమ్మిన మనిషి కాదు. ఒక అతుకుని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూశాడు.

"తెగలే" అన్నాడు.

అంతే అన్నాడు. తలుపు దాటి బయటికి వెళ్లిపోయాడు. మా బావ ఆయన వెనకే లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి మా ఆయనే తిరిగి వచ్చి, గడప అవతలే నిలబడి, మహాదేవిని అడిగాడు.

"రెండేండ్లేనా? ఐదుని మూడని సెప్పినట్ల, నాలుగుని రెండని సెప్తాండరా?"

"రెండే నాయినా. ఈరన్న సామి మీద ఒట్టు."

"ఒట్టెందుకు గానీ. ఆ ఫారం ఏందో ఈసారి నాకు గూడ సూపిచ్చు."

మహాదేవి సంచి జిప్పు తీసి ఫారం బయటికి తీసింది. అన్నీ నింపి ఉన్నాయి, ఒక్క గడి తప్ప. తల్లి వృత్తి. దాన్ని కావాలనే ఖాళీగా ఉంచిందని నాకు తెలుసు. అలవాటు కొద్దీ మా బావ జేబులోంచి పెన్ను తీశాడు.

"బావా, పోయినసారి నువ్వు రాసినావు. ఈసారి నేను రాస్తా" అన్నాను.

పెన్ను ఇచ్చాడు. ఆయన మొహం ఎర్రబడింది, ఏం రాశాడో ఆయనకి గుర్తొచ్చినట్టుంది. నేను మంచం పట్టె మీద ఫారం పెట్టుకుని, ఇరవైమూడేళ్లుగా అక్షరాలు రాయని చేత్తో, "అచ్చు అతికే పని" అని రాశాను. గడి చాలలేదు. "పని" అనే మాట గీత దాటి పక్క గడిలోకి, తండ్రి వృత్తి గడిలోకి పోయింది. మహాదేవి దాన్ని సరిచేస్తానంటే వద్దన్నాను. మా ఆయన అది చూశాడు.

మిగిలిన పోగులు నేను బెంగళూరు నుంచి వచ్చాకే అతుకుతానని చెప్పాను. ఎవరినీ అడగలేదు, చెప్పాను. పిల్లని చేర్పించి, ఆ కాలేజీ ఎలా ఉంటుందో కళ్లారా చూసి, రెండు రోజులుండి వస్తానన్నాను. మా బావ వెళ్లి తన ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. పారేయబోతే నేనే తీసుకుని సగం అతికిన పడుగు మీద దుమ్ము పడకుండా కప్పాను. ఇంకా రాని డిగ్రీ టోపీ పెట్టుకుని మా పిల్ల మగ్గం మీద నుంచి పైకప్పుని చూస్తూ నవ్వుతూ ఉంది. "రెండేండ్లకి మళ్ల పనికొస్తాదిలే, జాగ్రత్తగా ఉంచు" అన్నాడు మా బావ.

ఆదివారం తెల్లవారాక, బస్సు వేళకి సంచి భుజాన వేసుకుని గదిలోకి వచ్చాను, అత్తకి చెప్పి వెళ్దామని. ఫ్లెక్సీ సగానికి మడిచి ఉంది. మా ఆయన నా చోట, నేను కూర్చునేలాగే మెడ వంచి కూర్చుని ఉన్నాడు. ముక్కుకి బూడిద అంటింది. పక్కన మా అత్త, చేతిలో బూడిద చిప్పతో. పదకొండు పోగులు అతికాడు. దూరం నుంచే కనపడుతోంది, అందులో మూడు వదులుగా ఉన్నాయి. అచ్చు దాటకుండానే తెగుతాయవి.

నా చెయ్యి ముందుకి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

"అత్తా, పోయొస్తా" అన్నాను.

నా గొంతు విని మా ఆయన తల ఎత్తబోయాడు. మా అత్త ఆయన నెత్తి మీద చిన్నగా ఒకటి వేసింది.

"తల ఎత్తగాకు. సేతిలో పోగుంది."